కలరా ఉండల పెట్టె

కొల్లేటి తేమకి మా ఊళ్లో దాచిన బట్ట ముక్కిపోతుంది. అందుకే పురిటికి పనికొచ్చే పాతబట్టలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి, మడతమడతకీ కలరా ఉండలు వేసి ఉంచాను. అవి అరిగి మాయమైనప్పుడల్లా మళ్లీ కొత్తవి వేసేదాన్ని. చర్చికి వెళ్లేవాళ్లమైనా, పురిటిబిడ్డకు కొత్తబట్ట తొడగకూడదన్న పట్టింపు మాకూ ఉంది.

మా అమ్మాయి షారోన్‌కు కొడుకు పుట్టాడు. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ నాకు స్థిమితం లేదు. చెరువు గాలి పడుతుందేమో, దోమ కుడుతుందేమో, పాలు పొలమారతాయేమో. తొలిచూలు మగబిడ్డను తొమ్మిదో రోజున కామెర్లతో పోగొట్టుకున్నదాన్ని, భయం లేకుండా ఎలా ఉంటాను? ఒళ్లంతా నూనె పట్టించి, పెట్టెలోని చొక్కా తొడిగి, టోపీ పెట్టి, గుడ్డలో బిగించి చుట్టాను.

"ఏంటమ్మా ఈ కంపు! కాసేపు ఎండలో వెయ్యకూడదూ?" అంది షారోన్.

"బయట వేస్తే పురుగూ పుట్రా పడతాయే. ఘాటుంటే దోమైనా రాదు."

"దోమేం ఖర్మ, మీ అల్లుడే రావట్లేదు గదిలోకి," అని నవ్వింది.

మూడో రోజుకి ఆ నవ్వు లేదు. బిడ్డ కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాషన్‌లా వచ్చింది. అల్లుడు ఎడ్విన్ కారు మాట్లాడి ఏలూరు తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ బిడ్డ మీదికి వంగి, ఆగిపోయింది. "ఈ బట్టలు కలరా ఉండల్లో పెట్టారా?"

షారోన్ నా వంక చూసింది. లేదనేద్దామనుకున్నాను.

"పెట్టానండీ. నేనేనండీ."

"ముందు ఇవన్నీ తీసెయ్యండి. కొందరు మగపిల్లలకి పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుందమ్మా. ఈ ఘాటు తగిలితే వాళ్ల రక్తకణాలు పగిలిపోతాయి. నూనె రాస్తే ఒంట్లోకి ఇంకా దిగుతుంది. ఆ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది. మీ ఇంట్లో ఇంతకుముందు మగబిడ్డలెవరికైనా ఇలా అయిందా?"

"అమ్మా, అన్నయ్య..." అని షారోన్ ఆగిపోయింది.

రక్తం ఎక్కించారు. నీలం లైటు కింద పడుకోబెట్టారు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. మూడో రోజున పాలకోసం ఏడ్చాడు.

"గండం గడిచింది అత్తయ్యగారూ, ఇంకా ఎందుకండీ ఏడుపు?" అన్నాడు ఎడ్విన్.

నా ఒళ్లో విప్పిన బట్టల మూట ఉంది. పైన ఆ చిన్న టోపీ. అది షారోన్ చిన్నప్పటిది కాదు. మా అత్తగారు తన పెట్టెలోంచి ఇదే వాసనతో తీసి ఇచ్చింది. నా పెద్దాడికి తొమ్మిది రోజులూ అదే పెట్టాను. దేవుడు పిలుచుకున్నాడన్నారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే నమ్ముకున్నాను.

వాడికీ రోజూ ఒళ్లంతా నూనె పట్టించింది నేనే.