రెండు డోసులు పూర్తి

టీకాలు మొదటిసారి మా ఆస్పత్రికి వచ్చిన రోజు వేయించుకోవడానికి ముందుకొచ్చిన డాక్టర్లు ముగ్గురు. ముప్పై నలుగురిలో ముగ్గురు. మిగతావాళ్లలో ఒకాయనకి ఉన్నట్టుండి బీపీ గుర్తొచ్చింది. ఒకావిడకి చిన్నప్పుడెప్పుడో వచ్చిన దద్దుర్లు గుర్తొచ్చాయి. ఇంకొకాయనకి అర్జెంటుగా మీటింగు పడింది. భయపడొద్దని పొద్దున్నే జనానికి మైకులో చెప్పింది కూడా వీళ్లే. హెడ్ నర్సుని, టీకా గది తాళం నా దగ్గరే ఉంది, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ముందు వేరేవాళ్లకి వేసి చూద్దాం, ఏమీ కాకపోతే మనమూ వేసుకుందాం అని రెండు వారాలు ఆగాను. ఆగి వేసుకున్నాను. ఒక పూట జ్వరం వచ్చి పోయింది.

మా వార్డు ఆయా మాత్రం అసలు వేసుకోనంది. ఆమెని ఆస్పత్రి మొత్తం వదినా అనే పిలుస్తుంది. ఎప్పుడో ల్యాబు టెక్నీషియను వేళాకోళానికి, "వదినా, టీ ఏదీ?" అన్నాడట. "మీ అన్ననడుగు మరిదీ, నాలుగేళ్లుగా పైన ఖాళీగానే ఉన్నాడు," అందట. అప్పట్నుంచి సూపరింటెండెంటు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె వదినే. నాకంటే ఐదేళ్లు చిన్నదైనా నాకూ వదినే. ఆమె కూతురు మా దగ్గరే నర్సింగు మూడో సంవత్సరం చదువుతోంది, వరస కలిపి నన్ను అత్తా అంటుంది. ఆ పిల్ల తెల్ల యూనిఫాంలో వార్డుకొస్తే వదిన దూరం నుంచే చూసుకుని, పక్కకి తిరిగి ఖాళీ బకెట్టునే మళ్లీ కడిగేది.

వదినది ఊరికే భయం కాదు. ఏడేళ్ల కిందట మా వార్డులోనే ఒక మనిషికి పడుతుందో లేదో పరీక్ష చేయకుండా ఇంజెక్షను ఇచ్చేశారు. గుండె మీద చేయి పెట్టుకుని లేచి కూర్చున్నవాడు, స్ట్రెచరు ఎక్కిస్తుండగానే పోయాడు. కేసు షీట్లో గుండెపోటు అని రాశారు. ఆ స్ట్రెచరు తోసింది వదినే. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లే టీకాకి భయపడితే ఎలాగని బయటివాళ్లు మా మొహాన నవ్వేవారు. లోపల ఒక ఏడాది పనిచేసి, అప్పుడు నవ్వమనాలి వాళ్లని.

ఇంతలో సూపరింటెండెంటు నోటీసు అంటించాడు. టీకా కార్డు లేని కాంట్రాక్టు సిబ్బంది పై వారం నుంచి డ్యూటీకి రానక్కర్లేదట. పర్మినెంటు వాళ్లకి ఆ మాట లేదు, డాక్టర్లకి అసలే లేదు. భయపడటానికి కూడా హోదా ఉండాలన్నమాట.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళకి వదిన టీకా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"సిస్టరమ్మా, ఒక్క మాట. కాదనకూడదు."

"సూది వద్దు, కార్డు మాత్రం కావాలి. అంతేగా?"

"మీకెలా తెలుసు?"

"పొద్దుట్నుంచి నువ్వు ఆరో దానివి. ఐదుగుర్నీ తిట్టి పంపాను."

"నన్నూ తిట్టండి. తిట్టి, ఇవ్వండి."

నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఇక గట్టిగా మాట్లాడటం కష్టం.

"నేను వేసుకోలేదా వదినా? కొమ్ములేమైనా మొలిచాయా నాకు?"

"మీకేమైనా అయితే పదిమంది డాక్టర్లు పరిగెత్తుకొస్తారు. నాకేమైనా అయితే స్ట్రెచరు తోసే మనిషి కూడా ఉండదు. అది తోసేది నేనే కదా." నవ్వుతూ అంటూనే ఉంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిల్లకి ఇంకో ఏడాది ఉందమ్మా. అది ఒడ్డున పడేదాకా నేనుండాలి. ఈ ఉద్యోగమూ ఉండాలి."

దానికి నా దగ్గర జవాబు ఉంది. కూర్చోబెట్టి గంటసేపు చెప్పగలను. కానీ బయట జనం లైను కట్టి ఉన్నారు, నాకు ఆకలేస్తోంది, ఆమె మొహం చూస్తే జాలేసింది. సీసాలోంచి ఒక డోసు లాగాను. సూదిని దూది ఉండలో గుచ్చి మందంతా అందులోకి వదిలేశాను. ఆమె చేతికి ఉత్త దూది పెట్టి ప్లాస్టరు అంటించాను. కార్డు మీద తేదీ వేసి సంతకం చేశాను. బయట నిలబడ్డ ముసలివాళ్లలో ఒకరికి దక్కాల్సిన మందు నా చెత్తబుట్టలో పడింది. ఆ సంగతి అప్పుడు తట్టలేదు, మంచిపని చేశాననే అనుకుని భోజనానికి వెళ్లాను.

టీకా వేసుకున్నవాళ్లు అరగంట కూర్చోవాలి కాబట్టి వదిన బుద్ధిగా అరగంట కూర్చుంది. మర్నాడు ల్యాబు టెక్నీషియను, "జ్వరమొచ్చిందా వదినా?" అంటే, "వచ్చింది మరిదీ, మీ అన్న వచ్చి తీసుకుపోతాడేమో అనుకున్నా," అని వార్డునంతా నవ్వించింది. నెల తిరిగాక రెండో డోసుకి వచ్చినప్పుడు ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేనే దూది తీశాను.

ఆ తర్వాత జబ్బు రెండోసారి విరుచుకుపడింది. వరండాల్లో కూడా మంచాలు వేశాం. పాజిటివ్ వార్డులో రెండు డోసులు పూర్తయినవాళ్లకే డ్యూటీ వేయమన్నాడు సూపరింటెండెంటు. డ్యూటీ చార్టు రాసేది నేను. మా ఆయాల్లో రెండు డోసులు పూర్తయినవాళ్లు నలుగురు, అందులో వదిన ఒకతి. ఆమె పేరు దగ్గర పెన్ను ఆగింది. తీసేస్తే ఎందుకు తీశావంటారు. అడిగితే చెప్పాలి. చెప్తే నా ఇరవై ఆరేళ్ల సర్వీసు పోతుంది, ఆమె ఉద్యోగమూ పోతుంది. మొదటి వారం కాకుండా రెండో వారంలో వేశాను. నేను చూపించిన దయ అంతే.

చార్టు గోడకి పెట్టకముందే ఆమెని పక్కకి పిలిచాను.

"ఇప్పుడైనా వేయించుకో. సాయంత్రం సీసాలో మిగిలింది నీకు వేస్తాను. మూడో కంటికి తెలియదు."

"వారం రోజుల్లో ఏం పనిచేస్తుందమ్మా? రెండు వారాలు పడుతుందని మీరే కదా జనానికి చెప్తున్నారు."

"ఎంతో కొంత నయం కదా. మొండితనం చేయకు వదినా, నీకు దండం పెడతాను."

నా మొహంలోకి చూసింది. "మీరే ఇలా భయపడుతున్నారంటే వేయించుకోవాల్సిందే. పెట్టండి," అంది.

ఆ సాయంత్రం చివరి సీసాలో చుక్క మిగల్లేదు. మర్నాడు సరుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తెప్పించమని స్టోర్సు గుమాస్తాతో పోట్లాడాను, అతను ఖాళీ ఐసు పెట్టె తెరిచి చూపించాడు. వదిన వారం తిరగ్గానే పైనుంచి కిందిదాకా ప్లాస్టికు సూటు తొడుక్కుని పాజిటివ్ వార్డులోకి వెళ్లింది. నాకేసి చేయి ఊపింది కూడా.

పదకొండో రోజుకి అదే వార్డులో పేషెంటు అయింది.

పెద్ద ఆక్సిజను యంత్రాలు మాకు ఆరే ఉన్నాయి. వదినకి ఊపిరి అందడం కష్టమైన రోజు సాయంత్రం ఒక్కటి ఖాళీ అయింది. అవసరం ఇద్దరికి, ఆమెకీ, పక్క మంచం మీదున్న లారీ డ్రైవరుకీ. వేలికి పెట్టిన మిషను ఇద్దరికీ ఎనభై నాలుగే చూపిస్తోంది. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, మూడు రోజులుగా ఇంటికి పోలేదు. రెండు కేసు షీట్లూ తిరగేశాడు.

"ఈయనకి టీకా పడలేదు. వదినకి రెండు డోసులు పూర్తి. ఆమె లాక్కొస్తుందిలెండి సిస్టర్. ఈయనకి పెట్టేద్దాం, అంతేనా?"

నన్నే అడిగాడు. అంత చదువుకున్న డాక్టరు, కళ్లు ఎర్రగా చేసుకుని, చిన్నపిల్లాడిలా నన్నే అడిగాడు. నేను వదినకేసి చూశాను. మాస్కు లోంచి ఆమె నన్ను చూసి మెల్లగా తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దు అని.

"అంతే సార్," అన్నాను.

ఆమె వద్దంది కాబట్టే చెప్పలేదని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా ఉద్యోగం, నా పరువు, నా పింఛను ఆ క్షణంలో గుర్తుకే రాలేదని కూడా చెప్పుకున్నాను. అన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ వరసగా గుర్తొచ్చింది.

ఇంకో యంత్రం మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ అయింది. ఇరవై గంటలు ఆలస్యం. వదిన ఆ తర్వాత నాలుగు రోజులు ఉంది, ఉందంటే ఉంది. నేను పక్కనే నిలబడి ఉండగా పోయింది. లారీ డ్రైవరు బతికాడు. మంచి మనిషి, ఇంటికి వెళ్లేటప్పుడు వెతుక్కుంటూ వచ్చి నాకు దండం పెట్టాడు. నేను మొహం తిప్పుకుని గబగబా వెళ్లిపోయాను, పాపం ఏమనుకున్నాడో.

ఆమె పోయిన మర్నాడే ల్యాబు టెక్నీషియను గొంతు అందరి ఫోన్లలోనూ వినపడింది. "మా వదినకి రెండు డోసులూ పడ్డాయి. మా సిస్టరు స్వయంగా వేశారు. అయినా పోయింది. ఇక ఎందుకండీ ఈ సూదులు?" కావాలని చేసింది కాదు. వెక్కివెక్కి ఏడుస్తూ అన్నాడు, అందుకే విన్నవాళ్లంతా నమ్మారు. సరుకు వచ్చేసరికి టీకా గది బోసిపోయింది. వంటగదివాళ్లు రావడం మానేశారు. మొదటి డోసు వేసుకున్న స్వీపర్లు రెండోది వద్దన్నారు. వాళ్లలో ఇద్దరికి జబ్బు చేసి మంచాలెక్కాక కూడా, "వదిననే బతికించలేదు, మమ్మల్ని బతికిస్తుందా?" అని మిగతావాళ్లు నా మొహం మీదే అన్నారు.

అన్నిటికీ మించి నర్సింగు పిల్లలు. మూడో సంవత్సరం వాళ్లు ముప్పై మంది పై సోమవారం నుంచి పాజిటివ్ వార్డుల్లో డ్యూటీకి రావాలి. టీకా వేయించుకోబోమని అందరూ సంతకాలు చేసి ఇచ్చారు. మొదటి సంతకం వదిన కూతురిది.

సూపరింటెండెంటు నన్ను పిలిచాడు. "నువ్వే వెళ్లమ్మా. ఆ పిల్ల తల్లికి వేసింది నువ్వే కదా, నీ మాటైతే వింటుంది. టీకా లేకుండా ఆ పసివాళ్లని లోపలికి పంపితే సగం మంది మిగలరు."

సిరంజిలు, ఐసు పెట్టె తీసుకుని ఇంకో నర్సుతో క్లాసుగదికి వెళ్లాను. ఏళ్లుగా నేను పాఠాలు చెప్పిన గది. ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చుని ఉంది. వారంలో మొహం పీక్కుపోయింది. నేను నోరు తెరవకముందే లేచి నిలబడింది.

"ఏం చెప్పకత్తా. నీకు దండం పెడతాను, ఏం చెప్పకు. అమ్మ వద్దు వద్దంటుంటే నేనే పోరు పెట్టి పంపాను. నువ్వు వేయించుకోకపోతే నేను అన్నం తిననని కూర్చున్నాను. రెండు పూటలు తినలేదు. నా బాధ పడలేక వేయించుకుంది. నేనే చంపుకున్నానత్తా మా అమ్మని. ఇప్పుడు వీళ్లందరికీ వేయించుకోమని ఎలా చెప్పను?"

ఉద్యోగం పోతే పోనీ అనుకున్నానని చెప్తే గొప్పకి చెప్పినట్టుంటుంది. అసలు అదేమీ అనుకోలేదు. ఆ పిల్ల ఆ మాట ఇంకోసారి అనకూడదు, అంతే అనుకున్నాను.

"మీ అమ్మకి టీకా పడలేదు," అన్నాను. "ఒక్క చుక్క కూడా పడలేదు. రెండుసార్లూ మందు దూదిలోకి వదిలేసి కార్డు రాసిచ్చాను. నేనే."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. దూది దగ్గర్నుంచి డ్యూటీ చార్టు దాకా అంతా చెప్పాను. వెనక బెంచీలోంచి ఎవరో, "అయితే మన ఆస్పత్రి కార్డుల్లో ఏది నిజమో ఎవరికి తెలుసు?" అన్నారు. నిజమే. ఒకరి తర్వాత ఒకరు లేచి బయటికి నడిచారు. చూస్తుండగానే పంతొమ్మిది మంది వెళ్లిపోయారు.

వదిన కూతురు మాత్రం కదల్లేదు. ఏడుపు ఆగిపోయింది. మూడేళ్లు నేను చెప్పిన చదువు ఆ కళ్లలో పనిచేయడం మొదలైంది.

"అమ్మకి పెద్ద యంత్రం ఆలస్యంగా పెట్టారు. కేసు షీట్లో టీకా పడిందని చూసేనా?"

"అవును."

"అప్పుడు మీరు అక్కడే ఉన్నారా?"

"ఉన్నాను. చెప్పబోయాను. మీ అమ్మే వద్దని తల ఊపింది."

"ఆక్సిజను ఎంతుంది అప్పుడు?"

"ఎనభై నాలుగు."

ఆ పిల్ల గొంతు పెంచలేదు.

"ఆక్సిజను అంత పడిపోయిన పేషెంటుకి తనేమంటోందో తనకే తెలియదు, ఆ మాట పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు అని మాకు చెప్పారు. ఈ గదిలోనే. మీరే చెప్పారు."

చెప్పాను. ప్రతి ఏడాదీ చెప్తాను. పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తాను.

ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుని చొక్కా చేయి భుజం దాకా మడుచుకుంది. వెనక పది మంది పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఇరవై ఆరేళ్ల అలవాటు, నా చేయి దానంతటదే సిరంజి మీదికి పోయింది.

"మీరు కాదు," అంది.