రాళ్ళవాన కురిసిన మధ్యాహ్నం

దసరా వెళ్ళిపోయింది, దీపావళి ఇంకా రాలేదు. మా నరసాపురంలో అయితే ఆ రోజుల్లో తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం. ఇక్కడ మాత్రం రోహిణీ కార్తె తిరిగొచ్చి తిష్ఠ వేసింది. అక్టోబరులో ఇంత ఎండ ఎన్నడూ కాయలేదని పేపర్లో వేశారు. చదివి ఏం చేసుకోను? విసురుకోవడానికి మాత్రం పనికొచ్చింది ఆ పేపరు.

"ఊరి బయట గాలి బాగుంటుంది" అంటూ మేడ్చల్ దాటాక ఈ కొత్త కాలనీలో ఇల్లు కట్టించారు మావారు రాజారావు. గాలి మాట దేవుడెరుగు, నీడకి చెట్టయినా లేదు. ఎక్కడో ఒక ఇల్లు, మధ్యలో అన్నీ తుమ్మకంపలు. మధ్యాహ్నమైతే ఆ కంపలూ, దూరాన హైవే మీది లారీలూ నీళ్ళలో తేలుతున్నట్టు ఊగేవి. కరెంటు పోయిన వేళ కిటికీ దగ్గర కూర్చుని చూస్తుంటే నేనూ ఊగుతున్నానేమో అనిపించేది.

ఎదురుగా సగం కట్టి వదిలేసిన ఇంటికి సిద్దమ్మ కాపలా. నాకంటే బాగా పెద్దది. ఆవిడ మాట సగం నాకు అర్థమయ్యేది కాదు, నా మాట సగం ఆవిడకి. మిగిలిన సగాలతోనే మాకు స్నేహం కుదిరింది.

ఆ ఎండల్లోనే మా ఆరేళ్ళ సాయిప్రియకి జ్వరం వచ్చింది. మందు వేసినా తగ్గలేదు. ఆ రోజు మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కళ్ళు సగం మూసి గోడతో ఏదో మాట్లాడుతోంది. తడిగుడ్డ వేద్దామంటే ట్యాంకులో నీళ్ళు కాచినట్టున్నాయి. మావారు బాలానగర్‌లో ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో ఫోను లేదు. గుమ్మంలోకి వచ్చి ఎదురింటివైపు అరిచాను.

నా కేక విని సిద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, "అయ్యో, గిట్ల గాలుతాందేంది! నేను గూసుంట, నువ్వు మేడ్చల్ బోయి డాక్టర్‌ను జల్దీ తోల్కరా పో" అంది.

నేను హైవే మీదికి వచ్చేసరికి ఆకాశం పసుపు రంగుకి తిరిగింది. ఒక్క ఆకు కదలడం లేదు. ఒక్క ఆటో రాలేదు. ఉన్నట్టుండి గాలి లేచింది, మట్టివాసన వచ్చింది, టీకొట్టు రేకుల మీద ఠప్పున చప్పుడైంది. ఇక చప్పుళ్ళు విడివిడిగా లేవు. నిమ్మకాయలంత వడగళ్ళు! టీకొట్టు పందిరి కిందికి దూరాను. పిల్ల దగ్గరికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, అడుగు బయట పెడితే తల పగిలేలా ఉంది.

ఎంతసేపు కురిసిందో తెలియదు. ఆగాక చూస్తే రోడ్డు తెల్లగా ఉంది. తుమ్మకంపలు తెల్లగా ఉన్నాయి. ఆగిపోయిన లారీల నెత్తిన తెలుపు. కాలిన నేలలోంచి పొగలు లేచి ఆ తెలుపు మీద మెల్లగా నడుస్తున్నాయి. మంచు అన్నది బొమ్మల్లో తప్ప చూడనిదాన్ని నేను. ఇది మేడ్చల్ కాదు, నేను నేను కాదు. ఎంత అందంగా ఉందో! అలాగే వంగి గుప్పెడు వడగళ్ళు తీశాను. ఆ చల్లదనం అరచేతిని కొరికితే అప్పుడు పిల్ల గుర్తొచ్చింది. ఇంక ఆటో వచ్చేదీ లేదు, డాక్టరు దొరికేదీ లేదు. దొరికినన్ని వడగళ్ళు కొంగులో పోసుకుని ఇంటివైపు పరుగెత్తాను.

సిద్దమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయింది.

"డాక్టర్ దొర్కలేదా?"

లేదని తల ఊపాను.

"ఇగ డాక్టర్ ఎందుకు తియ్యి" అంది మెల్లగా. "పిల్ల సల్లవడ్డది తల్లీ."

కొంగు జారిపోయింది. అక్కడే, ఆ తెలుపులో కూలబడ్డాను. మా తాతయ్య పోయిన రోజు ఆయన చెయ్యి పట్టి చూసి మా నాయనమ్మ అన్నది ఆ మాటే. ఏడుపు రాలేదు. ఇదంతా మధ్యాహ్నపు నిద్రలో కల అనుకున్నాను. కాసేపటికి కరెంటు వస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, నాకు మెలకువ వస్తుంది. అలాగే నమ్మాను, గట్టిగా నమ్మాను.

"ఏందమ్మా, గట్ల గూసున్నవ్? లే, పడిశం వడ్తది" అంటూ సిద్దమ్మ కంగారుగా నా రెక్క పట్టి లాగింది.

అప్పుడు లోపల్నుంచి వినిపించింది. నీరసంగా, విసుగ్గా, అచ్చం నా విసుగే.

"అవ్వా! ఇంకో రాయి!"

వడగళ్ళని ఇక్కడ రాళ్ళంటారు. సిద్దమ్మ వాకిట్లో పడ్డ రాళ్ళేరి, గుడ్డలో మూటకట్టి పిల్ల ఒంటికి అద్దుతూ కూర్చుందట. సాయిప్రియ మంచం మీద లేచి కూర్చుని ఒక రాయి చప్పరిస్తోంది. ఒళ్ళంతా చెమట. నా చేతులు కొంకర్లు పోయి వాటికేమీ తెలియలేదు. మెడ దగ్గర చెంప ఆనించి చూశాను. వేడి లేదు. అప్పుడొచ్చింది ఏడుపు, దాని వెనకే కోపం.

"ఆ మాట అలా అంటారా ఎక్కడైనా? నా ప్రాణం పోయింది తెలుసా!"

సిద్దమ్మ బిత్తరపోయింది. "జరం దిగితె మరి మీ దిక్కు ఏమంటరమ్మా?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఏమంటాం? ఒళ్ళు చల్లబడింది అంటాం. మేమూ అదే అంటాం.

సాయంత్రం మావారు కరిగిన నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చారు. గుమ్మంలోనే, "పిల్లకెలా ఉంది?" అన్నారు. చల్లబడింది అన్న మాటే నాలుక దాకా వచ్చింది. మింగేశాను. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి పిల్ల నుదుటి మీద పెట్టాను.