వీపు కనిపించే చిత్రం

పోయిన మనిషి కుంచెలు తనింకా ఎందుకు కడుగుతోంది? పంతొమ్మిదేళ్ళ అలవాటు చేతుల్లోంచి పోదు కాబోలు. నల్లసబ్బు గోళ్ళ సందుల్లోకి ఇంకిపోయింది. సెన్ నది నీళ్ళ మీద ఎండ ఎలా ముక్కలవుతుందో లోకానికి చూపించింది తన భర్త అన్సెల్మేనట, పత్రికలు రాశాయి. ఆ ఎండలో అతనికి గొడుగు పట్టి, చల్లారిన సూపు మళ్ళీ వేడిచేసి, మిగిలిన కాస్త పొద్దులో అతను పారేసిన కాన్వాసుల మీద తన బొమ్మలు వేసుకున్న క్లోతిల్డ్ గురించి ఎవరూ రాయలేదు. "ఇంట్లో వేసుకునేవాటికి సంతకం దేనికే? జామ్ జాడీల మీద రాసుకో నీ పేరు," అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవారు. తనూ నవ్వేది.

"అమ్మాయ్, ఆ బకెట్టు వదిలి ఇలా రా!" బావగారు ఒనోరే కేకేశాడు.

బల్ల మీద అన్సెల్మ్ పేరు చెక్కిన ముద్ర, ఎర్రసిరా ఉన్నాయి. సంతకం లేకుండా మిగిలిన చిత్రాల మీద ఆ ముద్ర పడితేనే అవి అతనివి. భార్యే వేస్తే ఎవరూ అనుమానించరట. పొద్దుటి నుంచి ఏడు చిత్రాల మీద వేసింది. అందులో రెండు తనవి.

ఎనిమిదోదాన్ని చిత్రాల వ్యాపారి వెర్దియే కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. నది గట్టున ఈజిల్ ముందు ఒక మగవాడి వీపు, పక్కకు జారిన టోపీ.

"అబ్బ! అన్సెల్మే కదూ! తనని తాను ఇంత నిర్దయగా చూసుకున్నవాడు ఇంకొకడు లేడు మదాం. ఆయన వేసినవాటిలో ఇదే గొప్పది."

నది గట్టున ఆ మధ్యాహ్నం అతను వెనక్కైనా తిరక్కుండా "వైన్ ఏదీ?" అని మూడుసార్లు అరిచాడు. ఆ వీపుని తను ఎంత అసహ్యించుకుందో అంత శ్రద్ధగా వేసింది.

"వెయ్యమ్మా ముద్ర," అన్నాడు ఒనోరే.

"బావగారూ, ఆయన తన వీపు తను ఎలా చూశాడంటారు?"

"అద్దాలు పెట్టుకుని ఉంటాడు."

"నది గట్టునా?"

వెర్దియే గొంతు తగ్గించాడు. "మదాం, ఆయన పేరుతో ఇది మ్యూజియానికి వెళుతుంది. మీ పేరుతో అయితే ఈ గది దాటదు."

"ఇన్నేళ్ళూ వాడి తిండి తిని, వాడి పేరే పాడుచేస్తావా?" ఒనోరే ముఖం కందగడ్డైంది.

క్లోతిల్డ్ బకెట్టులోంచి అన్నిటికన్నా సన్నని కుంచె తీసి, ఏప్రానుకి తుడిచి, ముద్ర కోసం పెట్టిన ఎర్రసిరాలో ముంచింది. గడ్డి పచ్చదనం ఆగిన మూలలో తన పేరు రాసింది, జామ్ జాడీల మీద రాసినట్టే, గుండ్రటి అక్షరాల్లో, ఎక్కడా తొందరపడకుండా.