వదిన పళ్ల సెట్టు

కట్టుడు పళ్లు చేసే ఆ గదిలో ఒక్క ఇంగ్లీషు ముక్క వస్తే చాలు, రోజంతా నెట్టుకురావచ్చు. ఆ ముక్క సెట్. అచ్చులో పోసిన ప్లాస్టరు గట్టిపడితే సెట్ అయిందంటారు. మైనంలో పళ్లు నిలబెడితే సెట్ చేశారంటారు. తయారై డబ్బాలోకెక్కితే అదే పళ్ల సెట్టు. గోడ గడియారం వెనకబడితే సెట్ చెయ్యాలి, ఎవరికైనా సంబంధం కుదిరితే సెట్ అయినట్టు, టీ కప్పులు ఆరుంటే సెట్టు, ఒకటి పగిలిందా, ఇక కాదు. ఆ గదిలో పాతికేళ్లుగా పళ్లు కూరుస్తున్న ఆవిడని అడగండి, ఇన్నిటికీ ఒక్క మాట ఎలా సరిపోతుందో తడుముకోకుండా చెబుతుంది. ఏ వస్తువైనా దాని చోట్లో అది కుదురుగా కూర్చోవడమేనట, అంతకు మించి ఏమీ లేదట. చెయ్యి తిరిగిన మనిషి, చెబితే వినాలి మరి.

అలాంటి మనిషే వదిన విషయంలో తప్పులో కాలేసింది.

వదినంటే సొంత అన్న భార్య. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెప్పే ఉద్యోగం, ఇరవై రెండేళ్ల సర్వీసు. మెట్ల మీంచి జారి పై వరస ముందు పళ్లు నాలుగూ రాలగొట్టుకుంది. చిగుళ్లు మానేలోగా ఆఫీసు వాళ్లు కొత్త సంగతి చెప్పారు. ముందే రికార్డు చేసిన గొంతుతో మాట్లాడే యంత్రం వస్తోందట. శుక్రవారం పదకొండింటికి పై అధికారి ముందు వదిన మైకులో చదవాలి. మాట స్పష్టంగా ఉంటే కుర్చీ ఆమెది. లేదంటే కుర్చీ యంత్రానిది, ఆమెకి వెనక గదిలో ఫైళ్ల దుమ్ము. మైకు లేని వదినని ఆ ఇంట్లో ఎవరూ ఊహించలేరు. కూర ఉడికిందని చెప్పినా మూడో ప్లాట్‌ఫారం మీదకి వచ్చిందన్నట్టే ఉంటుంది.

వదిన ముందు పళ్ల మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు ఉండేది. కొత్త కోడలిగా గడపలో అడుగుపెట్టిన రోజే ఈ ఆడపడుచే అది చూసి, గాలీ వెలుతురూ బాగా వచ్చే పిల్లని తెచ్చుకున్నావే అన్నయ్యా అంది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచీ వదిన పెదాలు బిగించే నవ్వింది. నోరు జారడం ఎంతసేపు! వెనక్కి తీసుకోవడానికే జన్మ చాలదు. అందుకే ఈసారి ఆడపడుచు పైకి ఒక్క మాటా అనకుండా, నాలుగు పళ్లనీ గీత గీసినట్టు మైనంలో సెట్ చేసింది. సందూ లేదు, గిందూ లేదు. పళ్ల డాక్టరుగారు చూసి భేష్ అన్నారు.

బుధవారం వదిన వచ్చి ఆ మైనం సెట్టు పెట్టుకుని చూసుకుంది. ఇక అద్దం వదలదే! అటు తిరిగి నవ్వింది, ఇటు తిరిగి నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ అద్దం మెచ్చిన సెట్టుని ఆడపడుచు ఎన్నడూ నమ్మదు. ఎవరు ఏ పని చేస్తే ఆ పనిలో మాటలే మాట్లాడించి, తను గోడవైపు తిరిగి వినడం ఆవిడ పద్ధతి. లోగడ కూరగాయల మనిషి చేత కేకలు పెట్టించింది, లెక్కల మాస్టారి చేత ఎక్కాలు చెప్పించింది. వదిన చేత స్టేషన్ ప్రకటన చదివించింది.

సాయంత్రం ప్యాసింజరు అన్న చోట స పలకబోతే ఈల. స్టేషన్ అన్న చోట ఈల. మూడుసార్లు చదివించినా అదే ఈల. ఇన్నేళ్లూ ఆ నాలుక ఆ సందుకే అలవాటుపడి ఉంది. ఆడపడుచు ఆ సందు పూడ్చేసింది. గోడవైపే నిలబడి ఆవిడ తనని తాను కడిగిపారేసుకుంది. అందరి నోళ్లూ సవరించే మనిషివి, ఇంట్లో మనిషి నోరు తెలియలేదా అనుకుంది.

"అలవాటవుతుందిలే, ఇలాగే ఉంచు" అంది వదిన, అద్దంలోంచి కళ్లు తియ్యకుండా.

"అలవాటవడానికి నెల పడుతుంది వదినా. నీకున్నవి రెండు రోజులు." ఆడపడుచు ఇటు తిరిగింది. "తప్పు నాది. ఆ రోజు అనకూడని మాట అన్నాను. దాన్ని దిద్దుకుందామని నీ నోరు నీకు కాకుండా చేశాను."

 వదిన అద్దం బోర్లా పెట్టేసింది.

"సందు పెట్టెయ్. లేకపోతే నువ్వు వెక్కిరించడానికి ఏం మిగులుతుంది?"

డాక్టరుగారు ఒప్పుకోలేదు. సందు పళ్లు చేసి పంపితే తన పేరు పోతుందన్నారు. పేరు మీదే, పని మాత్రం నాది, శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగి అప్పుడు తిట్టండి అని ఆవిడ స్పిరిట్ దీపం వెలిగించింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఏం చేస్తారు, ఆయన వెళ్లిపోయారు. వేడి చాకుతో మైనం కరిగించి పళ్లని విడదీసింది. ఎడమ పన్ను కాస్త ముందుకి, కుడి పన్ను ఒక వెంట్రుక పక్కకి. పాత ఫోటో ఏదైనా తెప్పించనా అని అన్నయ్య ఫోన్ చేస్తే అక్కర్లేదంది. ఇన్నేళ్లు వెక్కిరించిన కంటికి ఫోటో ఎందుకు? గురువారం మళ్లీ గోడవైపు తిరిగి నిలబడి వింది. ఈల లేదు. అప్పుడు మైనం తీసి, ఆ చోట గట్టి ప్లాస్టిక్‌తో అసలు సెట్టు పోసింది.

శుక్రవారం పదకొండింటికి లోపలి గదిలో అధికారి, వదిన, మైకు. బయట ఒకటో ప్లాట్‌ఫారం మీద ఆడపడుచు.  పైన స్పీకరు గరగరమంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఒకటో ప్లాట్‌ఫారానికి రావలసిన ప్యాసింజరు మూడో ప్లాట్‌ఫారానికి వస్తుంది."

ఎవరూ తలెత్తి స్పీకరు వైపు చూడలేదు. ఏమందీ అని పక్కవాళ్లని అడిగినవాళ్లు లేరు. బెంచీల మీద జనం లేచారు, సంచులు భుజానికెత్తుకున్నారు, పిల్లల చేతులు పట్టుకున్నారు, వంతెన మెట్ల వైపు కదిలారు. రెండు నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ. చివరగా వెళ్తున్న ముసలాయన వెనక్కి తిరిగి, వినపడలేదా అమ్మా, బండి అటు మారింది, రా అని పిలిచాడు.

వినపడిందండీ అని, ఆవిడ అక్కడే నిలబడి తనివితీరా ఏడ్చింది.