సోలాపూర్ దుప్పటి మీద పోలండ్ కోడిపుంజు

నేను ఒక కత్తెరను. గొర్రెల ఉన్ని తీయడానికి తూర్పు పోలండ్‌లో ఓ కమ్మరి ఒకే ఇనుప బద్దను వంచి నన్ను చేశాడు. జానెడున్నర పొడుగు, మంచి బరువు. గొర్రె దగ్గరికి మాత్రం నేను ఎక్కువగా వెళ్లలేదు. యద్విగ అనే పడుచు నాతో కాగితాలు కోసేది. వాళ్ల పల్లెలో ఈస్టరు ముందు గోడలకు సున్నం కొట్టి, రంగు కాగితపు కోడిపుంజులు అంటిస్తారు. ఇంత ఇనుముతో అంత సన్నటి ఈకలు కోయించడం మనుషులకే చెల్లింది.

1940లో రష్యా సైనికులు తలుపు కొట్టారు. అరగంటలో సర్దుకోమన్నారు. యద్విగ రొట్టెనూ, దుప్పటినీ, నన్నూ మూట కట్టింది. రొట్టె దారిలో అయిపోయింది. దుప్పటి సైబీరియాలో చిరిగిపోయింది. నేను మిగిలాను. అక్కడ ఆమె నాతో ముళ్లతీగ కోసింది. నా అంచున గంటు పడింది. ఆ తర్వాత నేను కోసిన ప్రతి కోడికీ తోక ఈక చివర చిన్న చీలిక వచ్చేది. యద్విగ విసుక్కునేది. నేనేం చేయను?

వాళ్లు వదిలిపెట్టాక రైళ్లు, ఇరాన్, ఓడ. 1943లో కొల్హాపూర్ పక్కన పోలండ్ శరణార్థుల శిబిరంలో తేలాం. యద్విగ చంకలో ఏడాది పాప క్రిస్టినా.

ఆ శిబిరానికి నెలకోసారి దుప్పట్ల మూటతో ఓ నేతగాడు వచ్చేవాడు. చిలువేరు లింగయ్య. సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు పద్మశాలి. యద్విగ గోడ మీది కోళ్లను చూసి నెత్తిన మూట దించడం మరిచిపోయాడు. ఆమె మాట అతనికి రాదు, అతని మాట ఆమెకు రాదు. అయినా అతను కోయడం నేర్చుకున్నాడు. ఒక కోడిని గళ్ల కాగితం మీద దించి మగ్గానికి ఎక్కించాడు. తోక చీలికను కూడా వదల్లేదు. పోలండ్ కోళ్ల తోక అలాగే ఉంటుందనుకున్నాడు పాపం. అప్పటి నుంచి ఆ మగ్గాల మీద పుట్టిన ప్రతి కోడికీ అదే తోక.

శిబిరం ఎత్తేసిన రోజు యద్విగ నన్ను లింగయ్యకు ఇచ్చేసింది. ఆస్ట్రేలియాకు వెళ్లాక కొత్తది కొనుక్కుంటానని సైగ చేసింది. కొనలేదని నాకు డెబ్బై ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ కబురు తెచ్చింది యద్విగ మనవరాలు మాగ్దా. ఓడ దిగిన ఏడాదికే యద్విగ జ్వరంతో పోయిందట. క్రిస్టినాకు అప్పుడు ఏడేళ్లు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఒక కాగితపు కోడి మాత్రం మిగిలింది. డెబ్బై ఏడేళ్ల వయసులో క్రిస్టినా కూతురితో అంది: "అమ్మ ముఖం గుర్తు రావడం లేదే. పోయేలోపు ఒక్కసారి చూడాలి."

అలా మాగ్దా కొల్హాపూర్ వచ్చింది. చేతిలో ఐదు రోజులు. రెండు రోజులు రికార్డులు తిరగేసింది. శిబిరం ఫొటోలు దొరికాయి కానీ ఏ ముఖం కిందా పేరు లేదు. మూడో రోజు పొద్దున లాడ్జిలో మంచం దిగుతూ దుప్పటి వైపు చూసి ఆగిపోయింది. కోడిపుంజు. తోక చివర చీలిక. ఫోనులో ఉన్న కాగితపు కోడి బొమ్మ తీసి పక్కన పెట్టింది. అదే.

రికార్డుల ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషి బస్టాండుకు పరుగెత్తింది. లాడ్జి యజమానిని బతిమాలి ఆ దుప్పటిని వెంట తెచ్చుకుంది. సోలాపూర్‌లో నాలుగు దుకాణాల వాళ్లు తల అడ్డంగా ఊపారు. ఐదో దుకాణంలో ఓ ముసలాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "గిది మా లింగయ్య కోడి గదా. ఆయన బిడ్డ నర్సుబాయి గా సందులనే ఉంటది."

నర్సుబాయికి డెబ్బై దాటాయి. కోడలు పద్మ బడిలో ఇంగ్లిషు చెబుతుంది కనుక మాటలు నడిచాయి. నర్సుబాయి నన్ను తెచ్చి చూపింది. మాగ్దా నా గంటును వేలితో తడిమింది. తర్వాత అడిగింది. "దీన్ని మా అమ్మకు తీసుకెళ్లనా?"

"కత్తెర గావాల్నా, కోడి గావాల్నా? అడుగు" అంది నర్సుబాయి.

"అత్తమ్మా, ఆమె ఫొటో కోసం వచ్చిందట."

"ఫొటో మా తాన లేదు. కోసుడు ఉన్నది. మా నాయిన నేర్పిండు. కూసోమను."

మాగ్దా కూర్చుంది. మొదటి కోడికి మెడ తెగింది. రెండోదాన్ని నర్సుబాయి వెలుగుకు పట్టి చూసింది. "గిది ఈత గొడ్తదా బిడ్డా?"

"ఏమంటున్నారు?"

"బాగుందంటున్నారు" అంది పద్మ.

ఐదో రోజు మాగ్దా తల్లికి వీడియో కాల్ చేసింది. ఫొటో దొరకలేదని చెప్పేసింది. "సరేలే, వచ్చెయ్" అంది క్రిస్టినా. ఆ గొంతు విని మాగ్దా ఏం చేయాలో తోచక ఫోనును నర్సుబాయి వైపు తిప్పింది.

నర్సుబాయి పనిలో ఉంది. నన్ను మోకాలికి ఆనించి కదలకుండా పట్టుకుంది. కాగితాన్నే తిప్పుతోంది. మలుపు మలుపుకూ ముక్కలను ఉఫ్‌మని ఊదుతోంది.

ఫోనులో క్రిస్టినా ముందుకు వంగింది. మెల్లగా అంది. "మళ్లీ ఊదమను."

మాగ్దా చెప్పింది, పద్మ చెప్పింది, నర్సుబాయి ఊదింది.

"అమ్మ అలాగే ఊదేది. ఆ ముక్కలు నా తలలో పడేవి. నేను అమ్మ ఒళ్లో కూర్చుని పైకి చూసేదాన్ని." క్రిస్టినా కళ్లు మూసుకుంది. "గడ్డం మీద నొక్కు. ముందు పళ్ల మధ్య సందు. ముక్కు మీద ఎర్ర కాగితం ముక్క... మాగ్దా, కనబడుతోందే." ఏడేళ్ల పిల్లలా నవ్వింది.

నొక్కు, సందు రెండూ నిజమే. ఆ ఒడి ముందు ఏళ్ల తరబడి ఉన్నదాన్ని, నేను సాక్ష్యం.

"రమ్మను. ఫోన్ల జూస్తే కోడి రాదు" అంది నర్సుబాయి.

రెండు నెలలకు క్రిస్టినా చేతికర్రతో దిగింది. వారమని వచ్చిన మనిషి రెండో నెలా ఇక్కడే ఉంది. ఇద్దరు ముసలమ్మలు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మాట ఒకరికి తెలియకుండానే దెప్పుకుంటూ నన్ను లాక్కుంటున్నారు. రోజుకు పాతిక కోళ్లు. నా వంపు నొప్పి పుడుతోంది. హాయిగా ఉంది.

మొన్న ఓ మ్యూజియం నుంచి ఫోను వచ్చింది. నన్ను అద్దాల పెట్టెలో పెడతారట. పద్మ అత్తగారిని అడిగింది. నర్సుబాయి తల ఎత్తకుండా కాగితం ముక్కలు ఊదింది.

"దానికి ఖాళీ లేదని చెప్పు."