మంచం లేని హాలు

రమ చదివేది ఇంటీరియర్ డిజైన్. అదీ మామూలుగా కాదు, బ్లెండెడ్ పద్ధతిలో. అంటే సగం పాఠాలు హైదరాబాదు నుంచి ఫోన్లో వస్తాయి, మిగతా సగం చేత్తో చేసి నేర్చుకోవాలి. చేయడానికి స్టూడియో ఏదని పిల్లలు అడిగితే మైత్రి మేడం ముద్దుగా నవ్వి, "మీ ఇల్లే మీ స్టూడియో" అంది. ఆహా, ఎంత సులువు! కాలేజీకి ఒక గది మిగిలింది, గోదావరిఖనిలో సదానందానికి ఒక గది పోయింది.

సదానందం రమ తండ్రి, బొగ్గుబాయి కార్మికుడు. ఆ వారం నైట్ షిఫ్టు. పొద్దున వచ్చి, ఇంత తిని, కంపెనీ ఇచ్చిన కోటర్ ముందుగదిలో మంచమెక్కాడంటే సాయంత్రం దాకా ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆ వాడలో ఏ ఇంట్లోనైనా అదే చట్టం. పిల్లలు ఏడుపు కూడా గొంతు తగ్గించి ఏడుస్తారు.

రమ ఆఖరి పరీక్ష ఆ ముందుగదిలోనే, పట్టపగలు. గదిని తీర్చిదిద్ది వీడియో కాల్‌లో జ్యూరీకి, అంటే మార్కులు వేసే మైత్రి మేడం వాళ్లకి చూపించాలి. పాసైతేనే డిప్లొమా, డిప్లొమా ఉంటేనే కరీంనగర్‌లో మాటిచ్చిన ఉద్యోగం.

మంచం వాకిట్లోకి పోయింది. దండెం, క్యాలెండరు, బియ్యం డబ్బా వంటింట్లో ఇరుక్కున్నాయి.

"ఇల్లు సర్దుడంటే ఇల్లు ఖాళీ చేసుడా ఏందే?" అంది తల్లి తిరుమల.

"దీన్ని మినిమలిజం అంటరమ్మా."

"గట్లనా? నేను కాపురానికొచ్చినప్పుడు గీ ఇంట్ల గదే ఉండె. పేరే తెల్వకపాయె."

డ్యూటీ దిగొచ్చిన సదానందాన్ని పక్కనున్న సారక్క వాళ్లింట్లో పడుకోమన్నారు. "నా ఫికర్ వద్దు బిడ్డా, నువ్వు పాసైతే చాలు" అని పోయాడు పాపం.

జ్యూరీ మొదలైంది. తెల్లటి గోడలు, కిటికీ నిండా వెలుతురు, నేల మీద ఒకే ఒక్క చాప. మైత్రి మేడం మురిసిపోయింది. "బ్యూటిఫుల్ రమా! ఈ గదిలో అసలు మనుషులు ఉంటున్నట్టే లేదు!"

రమ ఇంకా పొంగిపోతూనే ఉంది, సదానందం తలుపు తోసుకుని వచ్చాడు. సారక్క ఇంటికి చుట్టాలు దిగారట, ఒకటే ముచ్చట్లట. మనిషి సగం నిద్రలోనే ఉన్నాడు. ఫోన్ చూడలేదు, జ్యూరీని చూడలేదు, చాప మీద ఒరిగి గురక పెట్టేశాడు.

"ఎవరండీ ఆయన? కాస్త పక్కకు జరపండి, గది అందమంతా పోతోంది."

"మా బాపు మేడం. నైట్ షిఫ్టు చేసొచ్చిండు."

"రెండు నిమిషాలు లేపండి. లేకపోతే నేను మార్కులు వెయ్యలేను."

రమ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. లేపుదామనే వేసింది, అబద్ధమెందుకు? రాత్రికి మళ్లీ బాయిలోకి దిగాల్సిన మనిషి. నోరు తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. మేడం మీదనా? మేడానికేం తెలుసు! మంచం లేకుండా ఆ గది ప్లాను గీసింది తనే కదా.

"నా డిజైనే తప్పు మేడం. గీ గదిల ముందుగాల మంచం పడాలె. మిగతయన్నీ తర్వాతనే."

"ఏంటీ? వినబడట్లేదు, గట్టిగా చెప్పండి!" మేడం గొంతు గదంతా మోగింది. సదానందం ఉలిక్కిపడి కదిలాడు.

రమ గబుక్కున ఫోన్ సౌండు మొత్తం తీసేసింది. తెర మీద మేడం నోరు ఆడుతూనే ఉంది, మార్కుల సంగతే అయి ఉంటుంది. రమ ఫోన్ అక్కడే వదిలేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వంటింట్లోకి వెళ్లి అమ్మ పక్కన కూర్చుంది.