రెనాంతె కట్టిన ముడులు

పెళ్ళయిన వారానికి మేమిద్దరం చేయీ చేయీ పట్టుకుని కంప్యూటర్ విడిభాగాల దుకాణానికి వెళ్ళాం. నా స్నేహితురాళ్ళు కొత్త కాపురంలో సముద్రపు ఒడ్డున ఫొటోలు దిగుతారు. నేను ఫ్యాన్లూ తీగలూ నిండిన గాజు అల్మారా ముందు నిలబడి దిగాను. అయినా ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. జీప్నీ బండి గతుకుల్లో ఊగినప్పుడల్లా జెల్మార్ భుజం నా భుజానికి తగిలేది. కొత్త ఉంగరానికి వేలు ఇంకా అలవాటు పడక, నేను దాన్ని ఊరికే తిప్పుకుంటూ కూర్చున్నాను. నా చేతిసంచిలో పెళ్ళి నోట్లు ఉన్నాయి. మా ఇలోయిలోలో పెళ్ళినాడు దంపతులు నాట్యం చేస్తుంటే చుట్టాలు వచ్చి వాళ్ళ బట్టలకు నోట్లు గుచ్చి పోతారు. ఒక్కోదానికీ ఇంకా గుండుసూది చేసిన చిల్లి ఉంది.

ఆ డబ్బు దేనికో పెళ్ళి మరునాడే నిర్ణయించుకున్నాం. ఒక మేడ మెట్లు ఎక్కడానికి.

జెల్మార్ అన్న రెనాంతె సరుకు ఓడల్లో, ఇంజిన్ గదిలో పనిచేసేవాడు. మొదటిసారి ఓడ దిగి వచ్చినప్పుడు ఒక్కో భాగం ఏరి తెచ్చి, మా ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ను తన చేతులతో కూర్చాడు. సెలవుల్లో అన్నదమ్ములిద్దరూ దాని మీద దిమ్మలు పేర్చి ఇళ్ళు కట్టుకునే ఆట ఆడేవాళ్ళు. చివరిసారి వచ్చినప్పుడు రెనాంతె ఆ ఆటలో మా ఇంటినే కట్టాడు. నానాయ్, అంటే మా అత్తగారు, మధ్యాహ్నం పడుకునే వెదురు బల్ల, పెరట్లో కందిచెట్టు, వంటింటి మీద తుప్పు పట్టిన రేకు, అన్నీ ఉన్నాయి. మా ఇంటికి లేనిది ఒక్కటే కలిపాడు, మేడ. పైన ఏముందని తమ్ముడు అడిగితే చెప్పలేదట.

"నీ పెళ్ళికి నేనిచ్చే కానుక అది. రియాలిన్‌ని వెంటబెట్టుకుని ఎక్కు. ముందే తొంగి చూశావో, మేడంతా పీకేస్తా," అన్నాడట. రియాలిన్ అంటే నేనే.

ఆ తర్వాత ఓడెక్కిన మనిషి నడిసముద్రంలో గుండె ఆగి పోయాడు. చావు జరిగిన ఏడాదిలో ఆ ఇంట్లో పెళ్ళి చేస్తే కొత్త జంటకు అచ్చిరాదని మావాళ్ళ నమ్మకం. అందుకని ఆగాం. ఏడాది నిండిన రోజున నానాయ్ నల్లబట్టలు మార్చుకుని, వచ్చిన వాళ్ళందరికీ భోజనం పెట్టి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, ఇక పెళ్ళెప్పుడు పెట్టుకుందామని అడిగింది.

అన్నాళ్ళూ జెల్మార్ ఆ మెట్ల జోలికి పోలేదు. పెళ్ళి మరునాడు ఇద్దరం ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆట తెరిచాం. మెట్ల మలుపు దాకా వెళ్ళగానే తెర బిగుసుకుపోయి, ఆట దానంతట అదే మూసుకుపోయింది. ఎన్నిసార్లు తెరిచినా అక్కడే ఆగేది. మేడ మీద నిజమైన వెలుతురూ నీడా పడేలా రెనాంతె ఏవేవో అమర్చాడు. మళ్ళీ వచ్చేటప్పుడు ఆ బొమ్మలు మోయగల పెద్ద కార్డు తెస్తానన్నాడట. ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు ఆ బరువు మోయలేకపోతోంది. బజారులో ఇంటర్నెట్ కొట్టుకు తీసుకెళ్ళి చూద్దామా అని అడిగాను. జెల్మార్ ఒప్పుకోలేదు. ఇంట్లోనే చూడాలి, నానాయ్ పక్కన ఉండాలి, అన్నాడు.

దుకాణం నడిపే ఎల్వీ అక్క మా నోట్లను వెలుతురుకు పట్టి, చిల్లులు చూసి నవ్వింది. "పెళ్ళి నోట్లతో మంచం కొనుక్కుంటారు గానీ, కార్డు కొనేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా."

"మంచం ఉంది అక్కా. మెట్లే ఎక్కలేకపోతున్నాం," అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. మేమిద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

కొత్త కార్డు మా అందుబాటులో లేదు. ఒకరు వాడి అమ్మిన కార్డును ఆవిడ మా ముందే తన కంప్యూటర్లో బిగించి, ఏదో ఆట నడిపించి చూపించింది. అది బాగుంది. కానీ అది కరెంటు ఎక్కువ తాగుతుంది కాబట్టి పవర్ సప్లై కూడా మార్చాలంది. మదర్‌బోర్డు జోలికి పోవద్దు, పాతదే సరిపోతుందంది. ఆ రెండూ తీసుకున్నాక మా దగ్గర ఇంకొక్కదానికే డబ్బు మిగిలింది. ర్యామ్ తీసుకోవాలా, చిన్న డిస్కు తీసుకోవాలా? ముందు డిస్కు కొని, మీ ఆటతో సహా పాతదాంట్లోవన్నీ అందులోకి ఎక్కించుకోండి, ర్యామ్ తర్వాతైనా కొనుక్కోవచ్చు, అని ఎల్వీ అక్క సలహా ఇచ్చింది.

బయటికి వచ్చి, ఒకే గ్లాసులో రెండు చెంచాలు వేసుకుని, ఐసు తురుములో పళ్ళు కలిపిన హాలో-హాలో తింటూ మాట్లాడుకున్నాం. ర్యామ్ చాలకపోతే మళ్ళీ ఆ మలుపు దగ్గరే ఆగిపోతామేమోనని జెల్మార్ భయం. డిస్కు ఇంకా సగం కూడా నిండలేదు కదా అన్నాడు. ఐసు కింద దాక్కున్న పనస తొన కోసం చెంచాలతో కొట్టుకున్నాం. అది నాకే దక్కింది. ర్యామ్ కొన్నాం. డిస్కు క్రిస్మస్‌కి కొనుక్కోవాలనుకున్నాం.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక జెల్మార్ కంప్యూటర్‌ను నేల మీద పడుకోబెట్టి పక్క రేకు విప్పాడు. వంటింట్లో నానాయ్ కందిగింజలూ పనసకాయా పంది మాంసమూ కలిపి పులుసు పెడుతోంది. వెనక రేకు కూడా తీశాక జెల్మార్ నన్ను రమ్మని పిలిచాడు. లోపల తీగలన్నీ జడలా దువ్వినట్టు ఉన్నాయి. ప్లాస్టిక్ పట్టీలు వాడలేదు రెనాంతె. ఓడ మీద వాడే మైనపు తాడు ముక్కలతో, బెత్తెడుకో ముడి చొప్పున కట్టాడు. ఒక్కో ముడి గింజలా గుండ్రంగా ఉంది.

కొత్త పవర్ సప్లైకి లావు తీగలు దానికే అతికి ఉన్నాయి. డిస్కుకు వెళ్ళే తీగ మాత్రం విడిగా, చిన్న గుడ్డసంచిలో పెట్టి ఇచ్చారు. రెనాంతె ముడులు వేసి కట్టినది సరిగ్గా పాత డిస్కు తీగనే. కొత్తది వేయాలంటే ముడులన్నీ కోయాలి. జెల్మార్ పాత తీగ కొస తీసి కొత్త పవర్ సప్లైలో గుచ్చి చూశాడు. టక్కున కూర్చుంది.

"చూశావా లాంగ్గా, దీనికోసమే చేసినట్టుంది. అన్న ముడి ఒక్కటి కూడా ముట్టుకోనక్కర్లేదు," అన్నాడు. లాంగ్గా అని ముద్దుగా పిలుస్తాడు నన్ను. అతని ముఖం చూసి నాకు ఎంత ముద్దొచ్చిందంటే, చెమట నుదుటి మీదే ముద్దు పెట్టాను.

నానాయ్‌ని పిలిచాం. పులుసు దించి, చర్చికి కట్టుకున్న బట్టల మీది ఏప్రన్ విప్పేసి, జుట్టు సర్దుకుని కుర్చీలో కూర్చుంది, ఎవరో చుట్టం వస్తున్నట్టు. జెల్మార్ మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. కార్డు అంచున ఎర్రదీపం వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను.

కాలిన వాసన వచ్చింది. నానాయ్ గబగబా లేచి వంటింట్లోకి వెళ్ళింది, అన్నం మాడిందేమోనని. అప్పుడు చూశాం, డిస్కు పక్క నుంచి సన్నగా పొగ. జెల్మార్ గోడలోని ప్లగ్గు పీకేశాడు. అప్పటికే అయిపోయింది. "అన్నం బాగానే ఉంది," అంటూ వచ్చిన నానాయ్ మా ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

మరునాడు ఎల్వీ అక్క మేం మోసుకెళ్ళిన కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టుకుని, లోపలి పాత తీగనూ దాని కొసనున్న డిస్కునూ చాలాసేపు చూసింది. తర్వాత గుడ్డసంచిలోని కొత్త తీగ తీసి పక్కన పెట్టింది. మూతులు రెండూ ఒకటే. లోపల ఏ దారిలో ఎంత కరెంటు వెళ్ళాలన్నది మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుందట. తక్కువ వెళ్ళాల్సిన దారిలో ఎక్కువ వెళ్ళింది.

"కొత్త తీగ ఇచ్చాను కదా తమ్ముడూ. ఎందుకు వాడలేదు?"

పాతదాని మీద ముడులున్నాయని నేనే చెప్పాను. డిస్కులోవాటికి ఇంకెక్కడైనా కాపీ ఉందా అని ఆవిడ అడగబోయి, మా ఇద్దరినీ చూసి ఊరుకుంది. డిస్కును మనీలాలో తెలిసినవాళ్ళకు పంపించింది. మేం పెట్టిన అట్టపెట్టెలోనే అది తిరిగొచ్చింది. లోపలి చిప్పులు కాలిపోయాయట, తీయడానికి ఏమీ మిగల్లేదట.

కార్డు బాగానే ఉంది. ర్యామ్ బాగానే ఉంది. ఎక్కడానికి మెట్లు లేవు.

కొన్నాళ్ళు కంప్యూటర్ గోడకు ఆనుకుని, రేకు విప్పినట్టే ఉండిపోయింది. ఒక శనివారం జెల్మార్ నా చేతికి కత్తెర ఇచ్చి, ఆ తీగ తీసేయమన్నాడు. తను చూడలేనని వాకిట్లో వెదురు బల్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

కోయడానికి నాకూ చేతులు రాలేదు. ముడిని వేళ్ళతో తడుముతుంటే పక్క నుంచి చిన్న కొస తగిలింది. లాగాను. ముడి ఊడి, తాడు తిన్నగా నా ఒళ్ళో పడింది. రెండోదానికీ కొస ఉంది. అదీ అలాగే వచ్చేసింది. కత్తెర అవసరమే లేకపోయింది.

వెనక నిలబడి చూస్తున్న నానాయ్ వంగి ఆ తాడు ముక్క తీసుకుంది. "వాళ్ళ నాన్న పడవ కట్టే ముడి. ఎంత గాలికీ ఊడదు. కొస లాగితే చాలు, వచ్చేస్తుంది. పొద్దున్నే మళ్ళీ విప్పుకోవాలి కదమ్మా."

తీగ బయటికి వచ్చేసరికి దాని మీద ఒక్క ముడి మిగిలింది. దాన్ని నేను లాగలేదు. తీసుకెళ్ళి జెల్మార్ చేతిలో పెట్టి, కొస చూపించాను. నానాయ్ చెప్పింది చెప్పాను. అతను ముడిని వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఎప్పుడో ఈ తీగ మార్చుకుంటామని అన్నకి తెలుసు," అన్నాడు. "విప్పుకోవడానికే కట్టాడు."

వంటింట్లోంచి నానాయ్ భోజనానికి పిలిచింది. నేను అతని పక్కన కూర్చున్నాను. జెల్మార్ రెండు వేళ్ళతో ఆ కొస పట్టుకున్నాడు. నానాయ్ మళ్ళీ పిలిచింది. అతను కొస వదల్లేదు, లాగనూ లేదు.